బసవరాజీయము: తెలుగునాట పుట్టిన యొక వైద్యగ్రంథము

ఖమ్మమునుండి కొత్తగూడెము, పాల్వంచల మీదుగా భద్రాచలము వెళ్లు త్రోవ కిరుప్రక్కలనుండు అడవులలో ఓషధులకు కొదువ లేదు. మన విద్యార్థులలో పలువురు ఆ యడవి యంచుననున్న పల్లెలనుండి వచ్చినవారే. తిప్పతీగ యేది, నేలవేము ఏది, ముష్టిచెట్టు ఏది యని వారి నడిగినచో పుస్తకము తెరవకయే చూపగలరు. అయినను ఈ మూలికలను గూర్చియు, వానితో కుదురునని పూర్వులు తలచిన రోగములను గూర్చియు మన తెలుగునాట గ్రంథము వ్రాసిన వైద్యుడెవరని ప్రశ్నించినచో పెద్ద తరగతులవారు సైతము తలవంచుకొందురు. చరకుని పేరు, సుశ్రుతుని పేరు వారు వినియున్నారు. గ్రీసు దేశపు హిపోక్రటీసు పేరును వినియున్నారు. బసవరాజు పేరు విన్నవారు మాత్రము మిక్కిలి యరుదు.

ఆయన రచించిన బసవరాజీయము అనేక తరములుగా ఆంధ్రదేశపు వైద్యులకు చేతిపుస్తకమై యుండెను. తండ్రి చేతినుండి కుమారుని చేతికి, గురువు చేతినుండి శిష్యుని చేతికి అది తాటియాకుల రూపమున వచ్చి, పిదప అచ్చుపుస్తకమై నిలిచినది. ఆ గ్రంథ మెట్టిది, అందేమున్నది, అందు మనము గ్రహింపదగిన దేది, విడువదగిన దేది యను విషయములను ఈ వ్యాసమునందు యథాశక్తి వివరింప దలచితిమి.

గ్రంథకర్త

బసవరాజు వీరశైవుడు. తండ్రి పేరు నమశ్శివాయుడు. నివాసము కొట్టూరు. నీలకంఠ వంశమువాడగుటచే ఆయనను నీలకంఠ కొట్టూరు బసవరాజని పిలుచుట వాడుక. కొట్టూరను పేరుగల యూళ్లు తెలుగు కన్నడ సీమలు రెంటను గలవు. అందుచే ఆయన జన్మస్థలమును గూర్చి పండితులలో వాదములు పుట్టినవి. అయితే గ్రంథము సంస్కృతాంధ్రములు రెంటను నడచుటచే ఆయన తెలుగువారి నడుమ మెలగి, తెలుగు వైద్యులకొరకే వ్రాసినాడని నిశ్చయముగా చెప్పవచ్చును.

ఇచ్చట విద్యార్థు లొక పొరపాటు పడకుండవలెను. పండ్రెండవ శతాబ్దమున కల్యాణ నగరమున నుండి వీరశైవ మతమును వ్యాపింపజేసిన బసవేశ్వరుడు వేరు, మన వైద్యుడగు బసవరాజు వేరు. పేరు లొకటే యగుటచేతను, మత మొకటే యగుటచేతను కొందరు ఈ యిరువురను కలిపివేయుటయు, వైద్యుని కాలమును పండ్రెండవ శతాబ్దమునకు జరుపుటయు కలదు.

గ్రంథకాలము

గ్రంథమున సంవత్సరము వ్రాయబడనపుడు దాని కాలమును నిర్ణయించుట యెట్లు? చరిత్ర చదువు విద్యార్థులకు ఇది మంచి యభ్యాసము. గ్రంథములోని విషయములే సాక్షులు. బసవరాజీయము ఆరంభముననే నాడీపరీక్షను, అనగా చేతి నాడిని పట్టి రోగమును గుర్తించు విధమును, చెప్పుచున్నది. చరక సుశ్రుత సంహితలలో ఈ పరీక్ష లేదు. సంస్కృత వైద్యగ్రంథములలో ఇది మొట్టమొదట స్పష్టముగా కనబడునది శార్ఙ్గధర సంహితయందు. ఆ గ్రంథము ఇంచుమించు 1300 ప్రాంతమునకు చేరినది. కావున నాడీపరీక్షను మొదటి ప్రకరణముననే పెద్దగా వివరించిన గ్రంథము దానికి పిదప కొంతకాలము గడచిన తరువాత పుట్టినదై యుండవలెను. అదిగాక బసవరాజు తనకు పూర్వులగు గ్రంథకర్తలను పేర్లతో పేర్కొనినాడు. వారిలో రసవైద్యమున ప్రసిద్ధుడగు నిత్యనాథుడు కలడు. ఇట్టి హేతువులను బట్టి వైద్యచరిత్రకారులు బసవరాజీయమును పదునైదవ శతాబ్దమునకును పదునెనిమిదవ శతాబ్దమునకును నడిమి కాలమునకు చేర్చుచున్నారు. పూర్వపు గ్రంథము నుదాహరించిన గ్రంథము దానికంటె ముందుండజాలదను చిన్న న్యాయము ఎంత పెద్ద ప్రశ్నను కొంతవరకైనను విడదీసినదో చూడుడు.

గ్రంథస్వరూపము

బసవరాజీయమున 25 ప్రకరణములు గలవు. ఆరంభమున నాడీపరీక్ష మొదలగు రోగపరీక్షా విధములు. పిదప జ్వరము మొదలుకొని వాతరోగములు, క్షయ, మేహము, కుష్ఠము మున్నగు వ్యాధులు. తుదకు పాదరసమును, లోహములను శుద్ధిచేయు విధము, భస్మములు చేయు విధము. ప్రతి వ్యాధికిని ముందు లక్షణము, వెనుక చికిత్స. చికిత్స యందు కషాయములు, చూర్ణములు, లేహ్యములు, తైలములు, ఘృతములు, మాత్రలు వరుసగా చెప్పబడును. రోగి యెదుట గూర్చున్న వైద్యునకు కావలసిన పుట వెంటనే దొరకవలెనను నుద్దేశముతో నడచిన గ్రంథ మిది. సిద్ధాంత చర్చలకంటె యోగములకే, అనగా మందుల కూర్పులకే, ఇందు పెద్దపీట.

ఈ గ్రంథములోని గుణము లలో మేము మిక్కిలి మెచ్చునది యొకటి కలదు. బసవరాజు తా నొరులనుండి గ్రహించినది తనదని చెప్పికొనలేదు. ఈ లక్షణము మాధవనిదానమున నున్నది, ఈ యోగము నిత్యనాథుడు చెప్పినది, ఇది పూజ్యపాదుడు చెప్పినది యని ఆయా చోట్ల పేర్లు తెలిపినాడు. వీరిలో పూజ్యపాదుడు జైనాచార్యుడు. తాను దృఢభక్తిగల వీరశైవుడై యుండియు, రోగికి మేలు కలిగించునని తోచిన మందును జైనుని యొద్దనుండి గ్రహించుటకును, గ్రహించితినని చెప్పుటకును బసవరాజు వెనుదీయలేదు. వ్యాసములు వ్రాయునపుడు ఇతరుల పుస్తకములలోని వాక్యములను తమవిగా చేర్చు విద్యార్థు లీ విషయమును మనసున నుంచుకొనవలెను.

అయితే ఆయనకు స్వగ్రంథాభిమానము లేకపోలేదు. కృతయుగమునకు చరకము, త్రేతాయుగమునకు రసార్ణవము ప్రమాణమైనట్లు కలియుగమునకు బసవని గ్రంథమే ప్రమాణమను భావముగల శ్లోక మొకటి ఇందున్నది. ఇది గర్వోక్తి యని కొందరందురు. ఆ కాలపు గ్రంథకర్తల కిది రివాజు. తరువాతి కాలము ఆ మాటను కొంతవరకు నిజము చేసినదని చెప్పవచ్చును. మన దేశపు 1940 నాటి ఔషధముల చట్టమునకు 1964లో చేసిన సవరణ వలన ఆయుర్వేద మందులకు ప్రమాణములగు గ్రంథముల పట్టిక యొకటి యేర్పడినది. ఆ పట్టికలో చరకసంహిత, సుశ్రుతసంహితల సరసన బసవరాజీయము పేరును గలదు. ఆంధ్రుడగు ఇంద్రకంటి వల్లభాచార్యుని వైద్యచింతామణియు నందే కలదు.

తెలుగు తాత్పర్యము వలని మేలు

వైద్యశాస్త్రము పూర్వము సంస్కృతమున నుండెను. సంస్కృతము నేర్చినవారు కొందరే. గ్రామమున మందిచ్చువా డందరును పండితుడు కాడు. శ్లోకమునకు తెలుగున తాత్పర్య మున్నప్పుడు అక్షరములు వచ్చిన ప్రతివానికిని ఆ విద్య అందుబాటునకు వచ్చును. మాతృభాషలో గ్రంథ మున్నచో కలుగు మేలెట్టిదో మన మిషను పాఠశాలలవారికి వేరుగ చెప్పనక్కరలేదు. శ్రీరామపురమున 1818లో తెలుగు క్రొత్త నిబంధన అచ్చుపడిన పిదప ఎన్ని కుటుంబములు చదువు నేర్చినవో మన పెద్ద లెరుగుదురు.

మాతృభాష వలన ఇంకొక మేలును గలదు. సంస్కృతమున ఒక్క పేరునకు ఒక్కొక్క సీమయందు ఒక్కొక్క మొక్కను చెప్పుట కలదు. ఉదాహరణమునకు బ్రాహ్మి యను పేరు తీసికొందము. ఒకచోట బ్రాహ్మి యనగా నీటిప్రక్కల ప్రాకు చిన్న యాకుల సాంబ్రాణి మొక్క. మరియొకచోట బ్రాహ్మి యనగా గుండ్రని యాకులుగల సరస్వతియాకు. రెండును వేర్వేరు కుటుంబములకు చేరిన మొక్కలు. శ్లోకము మాత్రమే చదివినవాడు ఏది తెచ్చునో చెప్పలేము. ప్రక్కనే తెలుగు పేరున్నచో సందేహము తీరును. మందు విషయమున పేరు తప్పుట భాషాదోషము మాత్రమే కాదు. అది ప్రాణముతో చెలగాటము.

వ్రాతప్రతుల వలని చిక్కులును గలవు. తాటియాకు పుస్తకములను చూచి వ్రాయునప్పుడు ఒక యక్షరము తప్పిన మొక్క మారును; ఒక యంకె తప్పిన తూనిక మారును. గురిగింజ యెత్తు వేయవలసిన ద్రవ్యమును తులమెత్తు వేసినచో నేమగునో ఊహించుడు. కావుననే వైద్యులు గ్రంథమును చదువుటతో తృప్తిపడక గురువు నొద్ద చేతిపని నేర్చుచుండిరి.

జ్వరమును గూర్చి

మన యడవి ప్రాంతమునకు ముఖ్యమైన వ్యాధి జ్వరము. కావున ఆయుర్వేద గ్రంథములు జ్వరము నెట్లు చూచినవో కొంచెము వివరింతుము. వాతము, పిత్తము, కఫము అను మూడు దోషములు హెచ్చుతగ్గులగుట వలన రోగములు పుట్టునని వారి సిద్ధాంతము. ఈ మూడింటిలో నొక్కొక్కదాని వలన మూడును, రెండేసి కలిసి మూడును, మూడును కూడిన సన్నిపాత మొకటియు, దెబ్బలు మొదలగు బయటి కారణముల వలన నొకటియు, వెరసి జ్వరము లెనిమిది. ఇవిగాక విషమజ్వరములను వేరొక తెగ కలదు. అందులో దినము విడిచి దినము వచ్చునది, రెండు దినములు విడిచి వచ్చునది యని భేదములు చెప్పిరి. చలి, వణకు, వేడి, చెమట యను వరుసయు వారెరుగుదురు.

ఇది చదివిన నేటి వైద్యుడు ఆశ్చర్యపడును. ఏలయన, ఇది మలేరియా జ్వరముయొక్క సరియైన వర్ణనము. వైవాక్సు మలేరియా విడువబడినచో దినము విడిచి దినము వచ్చును. మలేరియే యను మరియొక తెగ రెండు దినములు విడిచి వచ్చును. సూక్ష్మదర్శినులు లేని కాలమున, రోగి ప్రక్కను గూర్చుండి దినములు లెక్కించి మన పూర్వు లింతవరకు కనుగొనిరి. ఇది వారి పరిశీలనకు కీర్తి.

అయినను కారణము వారికి తెలియలేదు. దోషముల వలననియు, చెడుగాలి వలననియు, కొన్ని యెడల భూతముల వలననియు తలచిరి. ఐరోపావారును ఆ కాలమున చెడుగాలి యనియే తలచిరి. మలేరియా యను మాటకే చెడుగాలి యని యర్థము. రక్తమున నుండు పరాన్నజీవి వలన ఈ జ్వరము కలుగునని 1880లో లావెరాన్ అను ఫ్రెంచి వైద్యుడు కనుగొనెను. ఆ జీవిని మోసికొని వచ్చునది దోమ యని తేల్చిన పరిశోధన మన సికింద్రాబాదుననే జరిగినది. 1897 ఆగస్టు 20వ తేదీని రోనాల్డు రాస్ అను వైద్యుడు దోమ కడుపున ఆ జీవిని చూచెను. పరిశీలన యొకటి, కారణ మొకటి. మొదటిదానిలో పూర్వులు గొప్పవారు. రెండవదానికి వేరు సాధనములు కావలసివచ్చెను.

జ్వరమునకు లంకణము పరమౌషధమను సామెత నేటికిని మన యిండ్లలో వినబడుచున్నది. చిన్నపిల్లల విషయమున దీనిని పాటింపరాదని తలిదండ్రులకు మనవి చేయుచున్నాము. జ్వరమున దేహము త్వరగా కృశించును. పాలు, గంజి, మెత్తని యన్నము, కాచి చల్లార్చిన నీరు కొంచెము కొంచెముగా నిచ్చుచుండవలెను.

మన యడవులలోని మూలికలు

ఆయుర్వేద వైద్యులు వాడు ద్రవ్యములలో ననేకములు మన సీమలో సులభముగా దొరకును. కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ యను మూడింటిని చేర్చి త్రిఫలమందురు. ఈ మూడును మన యడవి చెట్లే. నేలవేము చేదునకు పేరుపొందినది. జ్వరములకు దాని కషాయమిచ్చుట పరిపాటి. తిప్పతీగ మామిడి, వేపచెట్లపై ప్రాకును. వేపపై ప్రాకినది మేలైనదని వైద్యులందురు. చిల్లగింజ మందుగానే గాక నీళ్లు తేర్చుటకును పనికివచ్చును; కుండ లోపల దానిని అరగదీసి బురదనీరు పోసినచో మన్ను అడుగునకు దిగి నీరు తేటపడును. అయితే తేటపడిన నీరు క్రిములు లేని నీరు కాదు. దానిని పిదప కాచవలెను.

నల్లజీడి, ముష్టి యను రెండు గింజలను గూర్చి ప్రత్యేకముగా చెప్పవలెను. నల్లజీడి రసము తగిలినచో చర్మము బొబ్బలెక్కును. చాకలివారు బట్టలపై గురుతు పెట్టుటకు దీనిని వాడుదురు. ముష్టిగింజ ఘోరమైన విషము. అందలి స్ట్రిక్నిను అను ద్రవ్యము కొలదిగా లోనికి పోయినను కండరములు బిగిసికొని ప్రాణము పోవును. ఇట్టి గింజను కూడ గోమూత్రమున నానవేసి, పాలలో నుడికించి, నేతిలో వేయించి శుద్ధి యను పేర విషము తగ్గించి మందున వాడు విధము గ్రంథములలో నున్నది. పెల్లెతియే, కావంతూ అను ఫ్రెంచి రసాయనికులు 1818లో ముష్టిజాతి గింజలనుండి స్ట్రిక్నినును, 1820లో సింకోనా చెక్కనుండి మలేరియాను మాన్పు క్వయినాను వేరుపరచిరి. ఒకే యిరువురి చేతులలో ఒకటి చంపునది, ఒకటి బ్రదికించునది బయటపడుట గమనింపదగినది.

సోమిద చెట్టు కథ యింకను మనకు దగ్గరిది. విలియం రాక్సుబరో అను స్కాట్లండు వైద్యుడు 1781 మొదలుకొని గోదావరీ మండలపు సామర్లకోటలో నుండి మన మొక్కలను పరిశీలించెను. సోమిద చెక్క మిక్కిలి చేదు. విలువైన సింకోనాకు బదులుగా దీనిని జ్వరములకు వాడవచ్చునని ఆయన తలచి 1793లో ప్రకటించెను. క్వయినాతో సమానముగ నది నిలువలేదు గాని, మన తెలుగు పేరు మాత్రము నిలిచినది. శాస్త్రజ్ఞు లా చెట్టునకు పెట్టిన సోయ్‌మిడా యను జాతినామము తెలుగు సోమిదయే. రాక్సుబరో 1793లో కలకత్తాకు వెళ్లెను. ఆయన మరణించిన పిదప ఆయన వ్రాతప్రతులను అచ్చుకు తెచ్చినవాడు మన కందరకు తెలిసిన మిషనరీ విలియం కేరీ. 1820లో ఆ గ్రంథపు మొదటి సంపుటమును, 1832లో మొత్తము గ్రంథమును శ్రీరామపురమున ప్రకటించెను. సువార్త నచ్చువేసిన చేతులే మొక్కల శాస్త్రమును అచ్చువేసినవి.

గ్రంథములలో కెక్కని జ్ఞానమును మన సీమలో కలదు. కోయవారు అడవిని తమ యిల్లుగా నెరిగినవారు. దుమ్ముగూడెము మిషనున పనిచేసిన జాన్ కెయిన్ దొర భద్రాచలము, రేకపల్లి తాలూకాల జనులను గూర్చి 1876 మొదలుగా ఇండియన్ ఆంటిక్వరీ యను పత్రికయందు వ్యాసములు వ్రాసెను. కోయవారి వాడుకలను నాటి చదువరుల యెదుట పెట్టినవానిలో అవి ముఖ్యమైనవి. ఏ చెట్టున కే పేరు, ఏ ఋతువున పూచును, ఏ పశువు దానిని మేయదు అను సంగతులు వృద్ధులతో కూడ పోవుచున్నవి. బసవరాజు తన కాలమున చేసిన పని యేమి? చెదరియున్న యోగములను చేర్చి, ఎవరు చెప్పిరో తెలిపి, జనుల భాషలో నుంచుట. ఆ పని మన యడవి విషయమున ఇంకను మిగిలియున్నది.

రసౌషధములు, వాని యపాయము

బసవరాజీయమున విశేషస్థానము రసౌషధములది. రసమనగా పాదరసము. గంధకము, ఇంగిలీకము, తాళకము, తామ్రము, నాగము మొదలగువానితో మందులు చేయుట మధ్యకాలమున మిక్కిలి ప్రబలెను. కషాయము గిన్నెడు త్రాగవలెను; రసమాత్ర గురిగింజంత చాలును. నిలువయుండును, త్వరగా పనిచేయునని పేరు. అందుచే వైద్యులు వానిని మెచ్చిరి. ఇంగిలీకము, నాభి, వెలిగారము, మిరియములు, పిప్పళ్లు చేర్చి చేయు ఆనందభైరవి వంటి మాత్రలు తెలుగిండ్లలో ప్రసిద్ధములు. ఇందు ఇంగిలీకము పాదరసముతో గూడిన ద్రవ్యము. నాభి ప్రాణాంతకమగు విషము.

నేటి జ్ఞానము వలన తేలిన దేమనగా, పాదరసము మూత్రపిండములను, నరములను చెరచును. సీసము పిల్లల బుద్ధివికాసమును కుంటుపరచును. తాళకములోని పాషాణము మెల్లమెల్లగా దేహమును విషమయము చేయును. అమెరికా దేశపు వైద్యులు అంతర్జాలమున నమ్మబడుచున్న 193 ఆయుర్వేద మందులను పరీక్షించి 2008లో ఫలితములు ప్రకటించిరి. వానిలో ఇంచుమించు ఐదింట నొకదానియందు సీసము గాని, పాదరసము గాని, పాషాణము గాని కనబడెను. రసౌషధములలో నా పాలు ఇంకను హెచ్చు. కావున వైద్యవిద్య నభ్యసించి ప్రభుత్వమువారి యనుమతి పొందినవా రీయని మాత్రలను, సంతలలో అమ్ము పొడులను ఇంటిలో నుంచుకొని పిల్లలకు మ్రింగించుట తగదు.

మరియొక యపాయమును గలదు. అది మందులోని విషము కాదు, ఆలస్యము. మన యేజెన్సీ ప్రాంతమున ఫాల్సిపారమను మలేరియా కలదు. అది మెదడున కెక్కినచో ఒకటి రెండు దినములలోనే ప్రాణము తీయగలదు. కషాయమిచ్చి రెండు దినములు, తాయెత్తు కట్టి రెండు దినములు చూతమనుకొనుట వలన తల్లిదండ్రులు బిడ్డలను పోగొట్టుకొందురు. జ్వరము వచ్చిన నాడే ఆశా కార్యకర్త చేత గాని, ప్రాథమికారోగ్య కేంద్రమున గాని రక్తపరీక్ష చేయింపవలెను. దానికి రుసుము లేదు.

చీనాదేశపు దృష్టాంతము

అట్లయిన పాత గ్రంథములు నిరుపయోగములా? కావు. దీనికి చీనాదేశము మంచి సాక్ష్యమిచ్చుచున్నది. గె హుంగ్ అను నతడు 283 మొదలు 343 వరకు జీవించిన చీనా వైద్యుడు. ఆపదలలో చేతికందునట్టి చికిత్సలను కూర్చి యొక చిన్న గ్రంథము వ్రాసెను. పల్లెలలో చవుకగా దొరకు వస్తువులనే అందు హెచ్చుగా పేర్కొనెను. చలిజ్వరములకు చింగ్‌హావో యను మొక్కను నీళ్లలో నానవేసి, పిండి, ఆ రసము త్రాగవలెనని యందొక చోట చెప్పెను.

పదునారు వందల యేండ్లు గడచినవి. 1967లో చీనా ప్రభుత్వము మలేరియాకు క్రొత్త మందును వెదకుటకు శాస్త్రజ్ఞులను నియమించెను. వారిలో తు యూయూ అను స్త్రీ పాత గ్రంథములను వందలుగా పరిశీలించెను. చింగ్‌హావో నుండి తీసిన సారము మొదట సరిగా పనిచేయలేదు. అప్పుడామె గె హుంగ్ మాటలను మరల చదివెను. ఆయన కాచుమని చెప్పలేదు. నానవేసి పిండుమని చెప్పినాడు. వేడి వలన గుణము చెడుచున్నదేమో యని యామె తలచి, తక్కువ వేడిమిలోనే మరగు ఈథరుతో సారము తీసెను. 1971 అక్టోబరులో ఆ సారము జంతువులయందలి మలేరియాను సంపూర్ణముగ నణచెను. అదియే ఆర్టెమిసినిను. దానినుండి పుట్టిన మందులే నేడు మన దేశమునను ఫాల్సిపారము నణచుచున్నవి. 2015లో ఆమెకు నోబెలు బహుమానము లభించెను.

ఇందు గమనింపవలసిన విషయము లు రెండు. గె హుంగ్ గ్రంథము లేకున్న తు యూయూకు దారి దొరకదు. తు యూయూ పరీక్ష లేకున్న గె హుంగ్ మాట వేయి మాటలలో నొకటిగా పడియుండును. ఆయన చెప్పిన చికిత్స లన్నియు నిజము కాలేదు. పరీక్షకు నిలిచిన దొకటి లోకమునకు మేలు చేసినది. బసవరాజీయమును గూడ మన మట్లే చూడవలెను. పూజించి మూలనుంచుటయు, హేళనచేసి పారవేయుటయు రెండును సోమరితనమే.

క్రైస్తవుడు చదువవచ్చునా?

శివుని స్తుతించి యారంభించు గ్రంథమును మన పిల్లలు చదువనేల యని కొందరు తలిదండ్రులు శంకింపవచ్చును. భక్తి వేరు, మందు వేరు. యెషయా ప్రవక్త రోగియగు హిజ్కియా రాజు పుండుపై అంజూరపు పండ్ల ముద్ద కట్టించెనని పరిశుద్ధ గ్రంథమున నున్నది. ప్రార్థించినవాడే మూలికను వాడెను. సువార్తికుడగు లూకా వైద్యుడు. ఆయన నేర్చిన వైద్యము గ్రీకులది, యూదులది కాదు. వీరశైవుడగు బసవరాజు జైనుని మందును గ్రహింపగలిగినప్పుడు, సృష్టికర్త యొక్కడేయని నమ్ము మనము ఆయన సృజించిన యోషధులను గూర్చి ఎవ్వరు వ్రాసినను చదువుటకు జంకనేల? అందలి మంత్రములను మనము పఠింపము. అందలి పరిశీలనను గౌరవింతము. అందలి మందులను పరీక్ష లేక మ్రింగము.

విద్యార్థులకు రెండు మాటలు చెప్పి ముగింతుము. సెలవులలో ఇంటికి పోయినప్పుడు మీ తాతయవ్వలను అడిగి పది మొక్కల తెలుగు పేర్లను, కోయ పేర్లను వ్రాసికొనుడు. ఒక రెమ్మను కాగితముల నడుమ నొత్తి యెండబెట్టుడు. దొరికిన చోటు, నెల, చెప్పినవారి పేరు ప్రక్కను వ్రాయుడు. నోట మాత్రము పెట్టకుడు. తూనికను, పేరును, చెప్పినవానిని సరిగా వ్రాయుటయే శాస్త్రమునకు మొదటి మెట్టు. బసవరాజు తన యోగములకు పూర్వుల పేర్లు తెలిపినట్లే మీరును తెలుపుడు. అట్టి పుస్తకము పాఠశాలకు తెచ్చినవారి యొత్తిన మొక్కలను మా జీవశాస్త్రపు తరగతి బీరువాలో భద్రపరచెదము.